లార్క్‌మియర్ ఫొటోలో ఆర్లెథా

షవర్ల గదిలో మూడో జాలీ ఎత్తి ఆర్లెథా రెండు వేళ్లు లోపలికి పోనిచ్చింది. వెంట్రుకల ముద్ద ఎలుక తోకలా సాగుతూ బయటికొచ్చింది. బంగారు రంగువి, నల్లవి, రింగులు తిరిగినవి, రంగు వేసి ఎర్రబారినవి, అన్నీ సబ్బు జిగురులో ఒకటైపోయి ఉన్నాయి. దాన్ని చెత్తసంచిలోకి దులిపి నాలుగో జాలీ దగ్గరికి జరిగింది. లార్క్‌మియర్‌లో అన్ని రంగుల వాళ్లూ కలిసిమెలిసి ఉంటారని ఆ ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. అలా కలిసిపోగా ఆమె కళ్లారా చూసింది ఈ జాలీల్లోనే.

ఆమెకు అరవై మూడేళ్లు. పొడవైన నల్లజాతి మనిషి. కుడి మోకాలు మడతపడదు కనుక ఆ కాలు పక్కకు చాపుకొని కూర్చుని తుడుస్తుంది. బ్లీచ్ తగిలి తగిలి వేలిగోళ్లు చారలు పడి ఉన్నాయి. ఈతకొలను క్లబ్బులో పనికి కుదిరి పంతొమ్మిదేళ్లు. సిటీ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. రెండో బస్సు ఆగే మలుపులో కూర్చోడానికి బల్ల కూడా లేదు. ఒకసారి అక్కడ నీడకు రేకులు వేద్దామనుకుంటే, బయటివాళ్లు వచ్చి చేరతారని ఊరివాళ్లు సభ పెట్టి మరీ వద్దన్నారు. ఆ వద్దన్నవాళ్ల ఇళ్ల ముందు, కత్తిరించిన పచ్చికలో, ‘అందరికీ స్వాగతం’ అని ఆరు భాషల్లో బోర్డులు పాతి ఉన్నాయి.

పదింటికి, క్లబ్బు సభ్యుడు భార్గవ గారి చిన్నపిల్ల బట్టలు మార్చుకునే గదిలో కక్కుకుంది. “ఇక్కడెవరో కక్కేశారు, ఎవరైనా వచ్చి చూడండి!” అని తల్లి తలుపు వైపు తిరిగి కేకేసింది. తలుపు పక్కనే ఆర్లెథా నిలబడి ఉంది. నేల మీద స్ట్రాబెర్రీలు, పాలు. ఆర్లెథా గుడ్డ తెచ్చి ఎత్తేసింది. ఇద్దరు కొడుకుల్ని పెంచిన చెయ్యి, మంచాన పడ్డ మొగుణ్ణి నాలుగేళ్లు కడిగిన చెయ్యి అది. కడుపులోంచి వచ్చినదానికి అసహ్యమేమిటని ఆమె ఎప్పుడూ అంటుండేది.

బకెట్లో నీళ్లు పారబోస్తుంటే మేనేజరు డ్వయర్ వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. నల్లకళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకొని తిరుగుతాడు.

“ఆర్లెథా, ఇంకాసేపట్లో నీతో పనుంది. పత్రికవాళ్లు వచ్చారు, మన ఊరి మీద రాస్తారంట. ఎజెన్వా డాక్టరు, వాళ్లావిడా ఫొటోలో కూర్చోవాలి. డాక్టరుకేదో ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చిందంట, ఇద్దరూ రావట్లేదు. వాళ్లావిడ కుర్చీలో నువ్వు కూర్చో.” లార్క్‌మియర్‌లో ఉన్న నల్లజాతి కుటుంబం ఆ డాక్టరుది ఒక్కటే.

“నేనా? నేనీ ఊరిదాన్ని కాదు కద సార్.”

“పొద్దస్తమానం ఇక్కడే ఉంటావ్, ఈ ఊరిదానివి కాకపోతే ఏ ఊరిదానివి? ఆ క్లబ్బు చొక్కా ఒక్కటి మార్చెయ్. మా ఆవిడ శాలువా ఇస్తా, కప్పుకో.”

మధ్యాహ్నం భోజనం వేళ, పనివాళ్ల ఫ్రిజ్‌లోంచి తన తిండి ఉన్న వెన్న డబ్బా తియ్యబోతుంటే పిలుపొచ్చింది. శాలువా కప్పుకొని వస్తున్న ఆమెను చూసి, కొలనులో ఆకులు తీస్తున్న యుసేబియో వల మీద గడ్డం ఆనించి నవ్వాడు.

“ఏంటక్కా, దొరసానివైపోయావా? రేపట్నుంచి అమ్మగారూ అనాలా ఏంటి?”

“నోర్ముయ్, ఆకులు తియ్,” అని ఆమె కూడా నవ్వింది.

గొడుగు కింద పొడుగాటి బల్ల. దాని మీద రొయ్యలు, పుచ్చకాయ ముక్కలు, చీజు. అవి నిగనిగలాడాలని పత్రికమ్మాయి సీసాతో ఏదో నూనె కొడుతోంది. “ఆర్లెథా గారు మాకు ఎప్పట్నుంచో తెలుసండీ,” అంటూ డ్వయర్ ఆమెకు కుర్చీ లాగాడు. పక్క కుర్చీలో భార్గవ గారి భార్య. ఆవిడ చొక్కా చేతి అంచున స్ట్రాబెర్రీ మరక ఇంకా ఉంది.

“పక్కావిడ వైపు తిరగండమ్మా, ఏదన్నా మాట్లాడుకోండి,” అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఆవిడ ఆర్లెథా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మెత్తటి చేతులు, వెచ్చగా ఉన్నాయి. “మనం ఎప్పుడూ కలవనే లేదండీ! మీది ఏ వీధి?”

హాస్యమాడుతోందనుకొని ఆర్లెథా ఆవిడ మొహంలోకి చూసింది. ఆరు వేసవులుగా ఈవిడకు తువ్వాళ్లు అందించింది. ఒకసారి జాలీలో పడ్డ వజ్రపు కమ్మ వెతికి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్లల్లో హాస్యం లేదు.

“కింద. షవర్ల వెనకాల,” అంది ఆర్లెథా.

“అబ్బ! మీరు భలే మాట్లాడతారండీ!” అని ఆవిడ తల వెనక్కి వాల్చి నవ్వింది. కెమెరా టకటకమంది.

పత్రికవాళ్లు వెళ్లగానే డ్వయర్ చెయ్యి చాపాడు. “శాలువా ఇలా తే. బల్ల ఖాళీ చేసెయ్. తర్వాత ఆడవాళ్ల గది ఇంకోసారి చూడు, గబ్బు కొడుతోందంటున్నారు.”

నాలుగు పళ్లేల తిండి, ఒక్కరూ ముట్టనిది, సంచిలోకి జారింది. యుసేబియో ఒక రొయ్యకు చెయ్యి చాపితే ఆమె చేతి మీద కొట్టింది. “ముట్టుకోకురా. ఏం నూనె కొట్టారో ఏమో, చస్తావ్.”

మళ్లీ క్లబ్బు చొక్కా తొడుక్కుని ఆడవాళ్ల గదిలో కాలు చాపుకొని కూర్చుంది. నేల సగం తుడిచేసరికి భార్గవ గారి భార్య పిల్లను తీసుకొని వచ్చింది. ఆర్లెథా తలెత్తి చూసింది. మొహాన కొంచెం నవ్వు కూడా వచ్చింది.

“చూసుకొని నడువమ్మా, తడిగా ఉంది. పనామె తుడుస్తోంది,” అంటూ ఆవిడ ఆర్లెథా చాపిన కాలును దాటింది. పిల్ల దాటలేదు, నిలబడి చూసింది.

“అమ్మా, ఫొటోలో నీ పక్కన కూర్చున్నావిడే కదా!”

ఆవిడ వెనక్కి తిరిగింది. ఆర్లెథా మొహంలోకి నేరుగా చూసింది. “ఛ, కాదమ్మా. ఆవిడ వేరే,” అంది.

వాళ్లు వెళ్లాక ఆర్లెథా గోడ పట్టుకొని లేచింది. ఆవిడ పట్టుకున్న చెయ్యి సబ్బు పెట్టి కడిగింది. మళ్లీ కడిగింది. మూడోసారి కడుగుతుంటే ఆ మెత్తదనం, ఆ వెచ్చదనం ఇంకా అరచేతికి అంటుకునే ఉన్నట్టు తోచింది. పంతొమ్మిదేళ్ల వెంట్రుకలకు, పసిపిల్లల మలానికి, తాగినవాళ్ల వాంతులకు తిరగని కడుపు తిరిగింది. తెల్లటి తొట్టిలోకి వంగి కక్కుకుంది. ఏమీ తినలేదు కనుక చేదు నీళ్లే వచ్చాయి. వాటిని కాసేపు చూసింది. తుడవలేదు. గుడ్డ అందుకోలేదు, కుళాయి తిప్పలేదు. క్లబ్బు చొక్కా విప్పి బకెట్ మీద వేసి, తన బట్టలు వేసుకొని, పనివాళ్లు నడవని ముందు హాలు గుండా బయటికి నడిచింది.

“ఎక్కడికి? ఇంకా మూడు కూడా కాలేదు!” అన్నాడు డ్వయర్.

“ఇంటికి.”

“సరే, రేపు పెందరాళే రా. విందు ఉంది.”

“ఎవరో ఒకరు వస్తార్లే బాబూ,” అంది.

మలుపులో నలభై నిమిషాలు నిలబడి బస్సెక్కింది. మళ్లీ రాలేదు. వారం తిరక్కుండానే డ్వయర్ ఇంకో ఆమెను పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి పత్రిక వచ్చింది, ముందు హాల్లో ఆ ఫొటో పెద్దది చేసి తగిలించారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు. కింద ‘ఇరుగుపొరుగు’ అని అచ్చు.

పనివాళ్ల ఫ్రిజ్ కంపు కొడుతోందని డ్వయర్ ఆ రోజే యుసేబియో చేత అది ఖాళీ చేయించాడు. అట్టడుగు అరలో, సీసాల వెనక, పాత వెన్న డబ్బా ఒకటి దొరికింది.

“ఎవరిదది? పారెయ్,” అన్నాడు డ్వయర్.

యుసేబియో మూత తీశాడు. చిక్కుడు గింజలు, పంది మెడ ఎముక, మొక్కజొన్న రొట్టె ముక్క, అన్నిటి మీదా బూడిదరంగు బూజు. మూత లోపలి వైపు టేపుతో అంటించిన కాగితపు రుమాలు, దాని మడతలో ఒక స్టీలు చెంచా, శుభ్రంగా.