గోడ దిగిన పటం

భూగోళం మొదటి పాఠం రోజున ఆరో తరగతి టెంపరరీ టీచరమ్మ పిల్లల్ని ఒక్క ప్రశ్న అడిగింది, ఉత్తరం ఎటు అని. ముప్పైరెండు వేళ్లు ఠక్కున సీలింగు వైపు లేచాయి. మరి దక్షిణం? అందరూ బెంచీల కిందికి చూపించారు. పాపం, వాళ్ల తప్పేముంది! బడిలో చేరిననాటి నుంచీ మేకుకు వేలాడుతున్న పటంలో ఉత్తరం పైనే ఉంది మరి.

టీచరమ్మకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్లి, పొద్దుటి ఎండకు ఎదురుగా నిలబెట్టి ఎడమచెయ్యి చాపమంది. ఆ చేతులన్నీ నీళ్ల ట్యాంకును చూపించాయి. లోపలికొచ్చి పటం దించి నేలమీద పరిచింది. పిల్లలు దాని తల కూడా ట్యాంకు వైపే తిప్పారు.

హెడ్మాస్టరు చూసి గుండె బాదుకున్నాడు. మర్నాడే ఇన్‌స్పెక్టరు వస్తాడట, పటం గోడకే ఉండాలని రూలట, ఆయన బాగుందని రాస్తేనే వచ్చే ఏడు ఆమెకు ఉద్యోగమట. ఇంట్లో అత్తగారిదీ అదే పాట. కోరి కొరివితో తల గోక్కోవడమెందుకు, మేకుంది, పటముంది, తగిలించెయ్యరాదా అని. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఆమెకూ భయమే. అయినా మర్నాడు పటం నేలమీదే ఉంది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందు బెంచీ పిల్లను లేపి ఉత్తరం చూపించమన్నాడు. ఆ పిల్ల కిటికీలోంచి ట్యాంకు చూపించింది. వెనకనుంచి హెడ్మాస్టరు పైకి, పైకి అని కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాడు. పిల్ల చెయ్యి దించలేదు.

"పైన కదమ్మా ఉత్తరం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిల్ల బిక్కమొహంతో టీచరమ్మను చూసింది. ఆమె ఒక్క 'అవును' అనేస్తే గొడవే లేదు.

"పైనుండేది ఫ్యాను సార్. ఉత్తరం ట్యాంకు వైపు," అంది టీచరమ్మ.

హెడ్మాస్టరు సైగలు ఆపి తల పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మొహం గంటు పెట్టుకుని 'పటం గోడకు లేదు' అని పుస్తకంలో రాసుకుని గుమ్మం వైపు నడిచాడు. ఆ మూడు మాటలూ ఆమె నిలబడ్డచోటి నుంచే చదివింది. ఉద్యోగం పోయినట్టే. అయినా చేసినదానికి రవ్వంత కూడా బాధ కలగలేదు.

"రాసుకోండి సార్. మీరేం రాసినా ట్యాంకు అక్కడే ఉంటుంది," అని పిల్లల వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పండర్రా, దక్షిణం ఎటు?"

ముప్పైరెండు వేళ్లు ఒక్కసారిగా ట్యాంకుకు ఎదురు దిక్కున గుమ్మం వైపు లేచాయి. గుమ్మంలో ఉన్న ఇన్‌స్పెక్టరు, తననే చూపిస్తున్నారనుకున్నాడేమో, ఒకడుగు పక్కకు జరిగాడు.