బ్లడ్‌బ్యాంక్ గుమ్మం దాకా వెళ్ళిన సందేశం

తోడికోడళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తుంటే వాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని లోకం అనుకుంటుంది. ఈ ఇంటి విషయంలో లోకం అనుకున్నది అక్షరాలా నిజం. చిన్నకోడలు ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. పెద్దకోడలు మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అయినా సోమవారం పొద్దున చిన్నకోడలు మెట్లెక్కి వచ్చి, "అక్కా, రక్తం కోసం నేను బటన్ నొక్కాను. నొక్కలేదంటున్నారు" అనగానే పెద్దకోడలు కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

శనివారం నుంచీ ఆసుపత్రంతా అదే మాట. ఆపరేషన్ మధ్యలో రక్తం అరగంట ఆలస్యంగా, అదీ ఫోన్ చేశాక వచ్చింది. రోగి బతికి బట్టకట్టాడు, అది డాక్టర్ల చలవ. బ్లడ్‌బ్యాంక్ రికార్డులో మాత్రం అంతకుముందు థియేటర్ నుంచి కబురొచ్చిన ఆనవాలే లేదు. పదకొండింటికి విచారణ. నొక్కలేదని తేలితే చిన్నకోడలి ఉద్యోగం ఊడుతుంది.

"నొక్కావా, నొక్కాననుకున్నావా?"

"నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లల జోలికి పోకు. కంప్యూటర్‌నే అడుగుదాం."

పెద్దకోడలికి ఈ పని కొట్టిన పిండి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి థియేటర్‌కూ, బ్లడ్‌బ్యాంక్‌కూ, అందులోని ప్రతి ఫ్రిజ్‌కూ ఓ బుల్లి ప్రోగ్రాం ఉంటుంది. వాటిని యాక్టర్లంటారు. యాక్టర్లు వేర్వేరు సర్వర్లలో కాపురముంటాయి. ఒకదాని సంసారంలో ఇంకొకటి వేలు పెట్టదు, ఏం కావాలన్నా సందేశం పంపుకోవాల్సిందే. మన ఇళ్ళకంటే నయం. సర్వర్ల మధ్య నడిచిన సందేశాలకు వారం రోజుల నకలు నిలవ ఉంటుంది. ఎవరూ దాని మొహం చూడరు. ఆవిడ చూసింది.

పావుగంటలో పట్టేసింది. "తొమ్మిదీ నలభై రెండుకు థియేటర్‌లో బయల్దేరింది. అదే సెకనులో బ్లడ్‌బ్యాంక్ గుమ్మం ఎక్కింది. నువ్వు నొక్కావే!"

చిన్నకోడలు అరచేతుల్లో మొహం దాచుకుని భోరుమంది. ఏడుపు ఆగాక అడిగింది. "మరి చేరింది ఏమైపోయింది?"

పెద్దకోడలు ఆ సందేశం వరుస నంబరు చూసింది. ఒకటి. ఒకే సందేశం రెండుసార్లు చేరితే రక్తం రెండింతలు వెళ్ళకూడదు కదా, అందుకని ఒకసారి చూసిన నంబరు మళ్ళీ వస్తే పారేయమని బ్లడ్‌బ్యాంక్ యాక్టర్‌కు నేర్పారు. శనివారం పొద్దున్నే థియేటర్ సర్వర్ మార్చారు. కొత్తది నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఇది పాత సందేశమేనని బ్లడ్‌బ్యాంక్ దాన్ని చెత్తబుట్టలో వేసింది. వేసినట్టు ఎక్కడా రాయలేదు. పారేసిన ప్రతిదీ రాస్తూ పోతే డిస్కు నిండిపోతోందని, రాయమని చెప్పే లైనును రెండేళ్ళ కిందట ఒకరు తీసేశారు. ఆ ఒకరు పెద్దకోడలే.

ఆవిడ పైఅధికారి ఏ తగవునైనా సర్దేద్దామంటాడు కాబట్టి అందరూ ఆయన్ని సర్దుబాటుగారంటారు. అంతా విని ఆయన తేలిగ్గా నవ్వాడు. "నెట్‌వర్క్ లోపం అని రాసేద్దామమ్మా. ఆ అమ్మాయీ బయటపడుతుంది, మనమూ బయటపడతాం."

"నెట్‌వర్క్ సందేశాన్ని గుమ్మం దాకా తెచ్చి అప్పగించింది సార్. దాన్నెందుకు ఆడిపోసుకోవడం?"

విచారణలో ఆవిడ సందేశం నడిచిన దారి కాగితాల మీద అచ్చేసి, వరుసగా బల్ల మీద పరిచింది. సూపరింటెండెంటు కళ్ళజోడు సవరించుకుని, "పారేసినవి రాసే లైను ఎవరు తీశారు?" అన్నాడు.

"నేనే. ఇందాకే మళ్ళీ పెట్టాను. నంబరొక్కటే కాదు, ఏ సర్వర్ నుంచి వచ్చిందో కూడా చూసుకోమని మార్చాను. మధ్యాహ్నంలోగా అన్ని థియేటర్లూ పరీక్షించి చూపిస్తాను. మెమో నా పేరున రాయండి."

రాశాడు. చిన్నకోడలి ఫైలు మూసేశాడు.

వరండాలో చిన్నకోడలు ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "ఆ లైను సంగతి చెప్పకపోతే వాళ్ళకెలా తెలిసేదక్కా?"

"తెలిసేది కాదు. అది ఆసుపత్రికి చెప్పాల్సింది, చెప్పేశాను. నీకు చెప్పాల్సింది ఇంకోటుంది."

"ఏంటి?"

"రెండ్రోజులుగా కంచం ముందు కూర్చుని ముద్ద దిగక లేచిపోతున్నావు. వడ్డిస్తూ చూస్తూనే ఉన్నాను. నువ్వు నొక్కలేదనే నేనూ అనుకున్నానే."