మూడు దెబ్బలు

బావ, అదే అక్క మొగుడు, ఉపన్యాసం మొదలుపెడితే చాలు, చెల్లెలికి వెగటు పుట్టేది. వారమంతా ఆఫీసులో ఉద్యోగులకు ఒత్తిడి తట్టుకోవడం ఎలాగో క్లాసులు పీకి, ఆదివారం పడవల క్లబ్బులో దొరికినవాళ్ళను పట్టుకునేవాడు. ఆ నోటికి సెలవన్నది లేదు మరి!

"కంగారొస్తే ఏం చెయ్యాలి? పది లెక్కపెట్టుకోవాలి. నిన్ను నువ్వే నడుపుకోవాలి!"

చెబుతుంటే నోటి మూలల్లో తెల్లగా నురగ కట్టేది. అది తుడుచుకోవాలన్న ధ్యాస మాత్రం మహానుభావుడికి ఉండేది కాదు.

క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. ఒక్క మనిషి కూర్చునే ఆ సన్నపాటి పడవ బోల్తా పడితే, మనిషి నీళ్ళలో తలకిందులుగా వేలాడతాడు. నడుముకూ పడవకూ కలిపి బిగించిన రబ్బరు తెర ఊడదీసుకుంటే బయటపడతాడు. ఊడకపోతే పడవ అడుగును మూడుసార్లు కొట్టాలి. ఆ చప్పుడు వినగానే పక్కవాళ్ళు మారుమాట లేకుండా వెళ్ళి తియ్యాలి.

ఆ ఆదివారం అక్క పడవ బోల్తా పడింది. దబ్, దబ్, దబ్.

చెల్లెలు తన పడవలో అటు తెడ్డు వేసింది. బావ తన పడవను అడ్డం తిప్పాడు.

"ఆగమ్మా! నా పెళ్ళాం కంగారు నాకు తెలీదా? ఇప్పుడు తీశావంటే జన్మలో నేర్చుకోదు. పది లెక్కపెడదాం. ఒకటి... రెండు..."

మళ్ళీ చప్పుడు. ఈసారి రెండే దెబ్బలు.

"చూశావా, నెమ్మదిస్తోంది," అన్నాడు మురిసిపోతూ.

ఏడు దగ్గర చెల్లెలు ఆయన పడవను గుద్దుకుంటూ వెళ్ళి అక్కను పైకి తిప్పింది. అక్క మొహం నీలంగా ఉంది. ముక్కులోంచి నీళ్ళు, చీమిడి కలిసి కారుతున్నాయి. పడవలోనే కక్కుకుంది.

"శభాష్! ఏడు దాకా ఓర్చుకున్నావు," అంటూ బావ ఆవిడ వీపు తట్టాడు.

"ఛీ! నువ్వూ ఒక మనిషివేనా?" అంది చెల్లెలు. ఇన్నేళ్ళలో ఆయన్ని 'మీరు' అనకపోవడం అదే మొదలు.

అక్క ఆయన వంక చూడనే లేదు. మూతి తుడుచుకుని, చెల్లెలి వైపే తిరిగింది.

"ఆయన సంగతి తెలిసిందే. నీకు వినబడలేదా?"

వినబడింది. మొదటి మూడూ వినబడ్డాయి, తర్వాతి రెండూ వినబడ్డాయి. ఒకటి నుంచి ఏడు దాకా ఆయనతోపాటు తనూ పెదవులు కదిపింది. చెల్లెలికి తన మీద తనకే రోత పుట్టింది.

"వినబడిందక్కా," అంది.