ముల్లంగి మిసైలు

పులుసులోకి తరగాలని పొయ్యి పక్కన పెట్టుకున్న ముల్లంగి కనిపించలేదు. భాగీరథి పీట కింద చూసింది. కూరగాయల బుట్ట వంచి చూసింది. చింతపండు నానుతోంది, పప్పు ఉడుకుతోంది, ముల్లంగి మాత్రం లేదు. ముల్లంగి తనంతట తాను లేచి పోదు. పోయిందంటే వసారాలోకే పోయి ఉంటుంది.

అనుకున్నట్టే అయింది. వసారాలో మంచం మీద చాట బోర్లించి ఉంది. అది విమానం రెక్క. రెక్క పక్కన ఒక చెరకు ముక్క, ఒక అల్లం కొమ్ము. ముల్లంగి ఆమె భర్త రామచందర్ చేతిలో గాలిలో తేలుతోంది.

రామచందర్ వాయుసేనలో విమానాలకు బాంబులు, రాకెట్లు బిగించే పని చేసి, పింఛను తీసుకుని జహీరాబాద్ తిరిగొచ్చాడు. ఇప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర కొలువు. ఎనభై మూడులో జహీరాబాదులో చెరకు బండ్లకు కొదవ లేదు గాని, మిసైళ్ల ముచ్చట వినేవాళ్లకు కొదవే. ఆ కొదవ తీర్చినవాడు పక్కింటి బస్వరాజ్. అల్లం వ్యాపారి. సాయంత్రం కాగానే వచ్చి కూచుంటాడు. రామచందర్ తెప్పించుకునే ఇంగ్లీషు పత్రికలో ఈసారి విమానం నుంచి నేల మీదికి వేసే మిసైళ్ల గురించి పెద్ద వ్యాసం పడింది. పాతవి ఏవి, వాటి జాగాలోకి వచ్చేవి ఏవి, ఏది ఎందుకు మేలు. ఇంట్లో ఇప్పుడు అదే మాట.

భాగీరథి చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడింది. ముల్లంగి అడుగుదామనుకుంది.

"ఇగో బస్వరాజ్, గిది బుల్‌పప్. అమెరికోళ్ల పాతది," అంటున్నాడు రామచందర్. "పైలట్ మీట నొక్కి విడిచిపెడ్తడు. గని వాని పని ఒడువది. దీని తోకకు మంట ఉంటది. గా మంటను చూసుకుంట, చేతిల చిన్న కడ్డీ పట్టుకుని, జర ఎడమకు, జర కుడికి, జర కిందికి. పోయి తగిలేదాంక తిప్పుతనే ఉండాలె."

"నడుమల ఇడిచిపెడితే?"

"యాడనో పడ్తది."

"కిందనుంచి దుష్మన్ కాలుస్తుంటడు గదనే?"

"గదే దీనికున్న ఐబు, లోపం. విడిచినంక మర్లిపోరాదు. ఆడ్నే తిరుక్కుంట ఉండాలె."

గ్లాసులు భాగీరథి చేతిలోనే ఉండిపోయాయి. ఈ మిసైలు తనకు తెలుసు. పెళ్లయిన నాటి నుంచీ తను వేస్తున్నది దీన్నే. బియ్యం నిండుకున్నాయని పొద్దున చెబుతుంది. ఆ మాట అక్కడితో ఆగిపోదు. ఆయన స్నానానికి పోతుంటే జర ఎడమకు తిప్పాలి. అన్నం తింటుంటే జర కుడికి. సైకిలు తాళం తీస్తుంటే జర కిందికి. వాకిట్లోకి వచ్చి సంచి చేతికిచ్చి, సాయంత్రం ఆయన వచ్చేదాకా మనసులో ఆ కడ్డీ పట్టుకునే ఉండాలి. ఇంత చేసినా ఒక్కోనాడు బియ్యం సంచి ఖాళీగానే ఇంటికి వస్తుంది. "ఒక్కపారి చెప్తే ఎట్ల యాదుంటదే, మళ్ల చెప్పాలె గద," అంటాడు. మళ్లీ చెబితే, "ఎన్నిసార్లు చెప్తవే, చెవు కాడ జోరీగ లెక్క," అంటాడు. మరిచిపోవడం ఆయన వంతు. యాది చేయడం తన వంతు. ఆ యాది చేయడానికి పని అనే పేరు కూడా లేదు. బిడ్డ మనోరమ ఫీజు కట్టే గడువు, అత్తమ్మ దవాఖాన, పొయ్యిలోకి కట్టెలు, అన్నీ ఒక్కసారే గాలిలో ఉంటాయి, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క కడ్డీ, ఆమెకున్నవి రెండే చేతులు. "ఇంట్ల కూసునేదానికి నీకేం పని," అని ఒకనాడు నవ్వుతూనే అన్నాడు.

అన్నింటికంటే పెద్ద మాట ఒకటి ఇప్పటికీ గాలిలోనే ఉంది. బాల్వాడీ టీచరు కొలువుకు ఆమెను తీసుకున్నారు. ముందు సంగారెడ్డిలో మూడు నెలలు హాస్టల్లో ఉండి ట్రైనింగు కావాలి. బస్సు రేపు పొద్దున. దసరా ముందు నుంచి ఆ మాట తిప్పుతూనే ఉంది. "చూద్దాం తియ్యి," అంటాడు రామచందర్. చూద్దాం అన్నప్పుడల్లా ఆమె మళ్లీ మొదటి నుంచి తిప్పాలి.

"చాయ్ సల్లారుతున్నది వదినా," అన్నాడు బస్వరాజ్.

ఆమె గ్లాసులు ఇచ్చింది. ముల్లంగి అడగలేదు. గడప మీద కూచుంది.

రామచందర్ చెరకు ముక్క ఎత్తాడు. "ఇది ఫ్రాన్సోళ్లది. ఐదొందల కిలోలు. దీనికి ఇప్పుడు కొత్త ముక్కు పెడుతున్నరు. ఒకడు కొట్టాల్సిన నిశానా మీద లేజర్ లైటు కొడ్తడు. లైటు యాడ పడితే మిసైల్ ఆడికి పోతది."

"లైటు కదిలితే?"

"మిసైల్ గూడ కదులుతది. లైటోడు నిమ్మలంగ పట్టుకోవాలె."

భాగీరథికి నవ్వు వచ్చింది. ఇదీ వేసి చూసింది తను. తన మాట నేరుగా తగలడం లేదని అత్తమ్మ నారమ్మతో చెప్పించింది. నారమ్మ లైటు బాగానే పట్టింది. "కొడుకా, కోడలు ట్రైనింగు అంటున్నది," అని మొదలుపెట్టి, నడుమలో ఆ లైటు తన మోకాలి నొప్పి మీదికి తిప్పుకుంది. తల్లీ కొడుకులిద్దరూ నొప్పికి ఏ నూనె మంచిదో మాట్లాడుకున్నారు. సంగారెడ్డి చీకట్లోనే ఉండిపోయింది.

"ఇగ అన్నిటికన్న హుషారుది గిది," అని రామచందర్ అల్లం కొమ్ము పట్టుకున్నాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. ఆమెకు ఆయనలో నచ్చేది ఆ మెరుపే. "మేవరిక్. దీని ముక్కులనే టీవీ కన్ను ఉంటది. పైలట్ ఒక్కపారి నిశానా చూపిస్తడు. ఇగో, గిది అని. ఆ కన్ను పట్టుకుంటది. విడిచిపెడ్తడు. మర్లిపోతడు. అంతే."

"ఎన్కకు చూడడా?" అన్నది భాగీరథి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. రామచందర్ కోపం చేసుకోలేదు. వినేవాళ్లు ఒకరు పెరిగారన్న సంబురంతో చెప్పాడు. "ఎందుకు చూస్తడు? వాడు చూపిచ్చెటిది చూపిచ్చిండు. తగిలేది మిసైల్ పని."

"గట్లయితే విడిచెటప్పుడే సాఫ్‌గ చూపియ్యాలె."

"బరాబర్ అన్నవ్."

ఆమెకు అప్పుడు తట్టింది. ఈయన మాటలన్నీ మొదటి నుంచీ ఈ రకమే కదా. 'చాయ్' అని ఒక్క మాట విడిచి పత్రికలోకి మళ్లిపోతాడు. చాయ్ వచ్చి ముందు నిలబడుతుంది. అంగీ అంటే అంగీ వస్తుంది. ఆ మాటల ముక్కున కూచున్న కన్ను ఎవరిది? తనది. ఇన్నేళ్లు ఆయన మాటలకు కన్ను తనే అయి, తన మాటలకు కడ్డీ కూడా తనే అయింది.

"అన్నా, పాతది తీసి కొత్తది పెడితే విమానానికి పరేషాన్ గాదా?" బస్వరాజ్ అడిగాడు.

"అయితది. వైరింగు మార్చాలె, మనుషులకు మళ్ల నేర్పియ్యాలె. కొన్ని దినాలు తిట్టుకుంటరు. ఇగ అలవాటయితది."

భాగీరథి లేచింది. పైటకొంగు నడుముకు దోపింది. గుండె కొట్టుకునే చప్పుడు బస్వరాజ్‌కు వినిపిస్తుందేమోననిపించింది. భయం కాదది. చిన్నప్పుడు జాతరలో రంగులరాట్నం పైకి లేచినప్పుడు అట్లాగే ఉండేది.

"ఇనున్రి," అన్నది. రామచందర్ తలెత్తేదాకా ఆగింది. కళ్లు కలిసేదాకా ఆగింది. "రేపు పొద్దుగాల బస్సుకు నేను సంగారెడ్డి పోతున్న. మూడు నెలలు ఆడ్నే ఉంట. వచ్చినంక బాల్వాడీల కొలువు చేస్త."

రామచందర్ అల్లం కొమ్ము కింద పెట్టాడు. "మరి ఇంట్ల?"

ఆమె ఎడమకు తిప్పలేదు, కుడికి తిప్పలేదు.

బస్వరాజ్ గొంతు సవరించుకున్నాడు. "వదిన జాగల ఎవర్నన్న పెట్టాలెనే అన్నా. అమ్మ ఉన్నది గద."

"నేను పొయ్యి కాడ్నుంచి గడప దాంకనే," అన్నది లోపలి నుంచి నారమ్మ. "గడప దాటితే మోకాళ్లు రావు."

"మనోరమ పెద్దగయింది, ఎనిమిదో తరగతి..." అని రామచందర్ మొదలుపెట్టాడు.

"అది బడికి పోతది," అన్నది భాగీరథి. ఆ ఒక్కటి విడిచిపెట్టలేకపోయింది. తను దిగిన రెక్క కింద బిడ్డను బిగించనీయదు.

ఇంకెవరూ మిగల్లేదు. బస్వరాజ్ చాయ్ గ్లాసు లోపలికి చూశాడు. ఆ తర్వాత రామచందర్ వైపు చూశాడు.

"చింతపండు నానబెట్టిన. పప్పు ఉడికింది," అన్నది భాగీరథి. "ముల్లంగి మీ కాడనే ఉన్నది."

అటు మళ్లి లోపలికి నడిచింది. మెడ తిరగాలని చూసింది, ఇన్నేళ్ల అలవాటు. కుడి చేయి దానంతట అది కడ్డీ కోసం వెతికింది. ఆ చేతికి ట్రంకు పెట్టె మూత అందించింది. చీరలు ఒక్కొక్కటే మడిచి పెడుతుంటే పెదాల మీద నవ్వు ఆగనంటోంది.

చాలాసేపటికి వంటింట్లో కత్తిపీట గచ్చు మీద జరిగింది.

"గంత సన్నగ తరగకు కొడుకా," అంటోంది నారమ్మ. "పులుసుల కరిగిపోతది."

భాగీరథి వెనక్కి చూడలేదు. పెట్టెలో ఇంకో చీరకు చోటుంది.