పెద్దబ్బాయి నోట్లో ఉత్తరాలు

పొద్దున్నే ప్రెస్సు షట్టరు ఎత్తగానే పెద్దబ్బాయి చేసే మొదటి పని కంప్యూటరు ముందున్న కుర్చీ తుడవడం. రెండో పని అందులో కూర్చోవడం. మూడో పనంటూ సాయంత్రం దాకా ఉండేది కాదు. యాభై దాటి నడినెత్తి నున్నబడ్డా ఇంట్లో అందరికీ అతను పెద్దబ్బాయే. పేరుకి ప్రెస్సు వ్యవహారాలన్నీ చూసేది అతనే. నిజంగా చూసేది మాత్రం ఇంటిల్లిపాదికీ వచ్చే మెయిళ్లు.

ఇంటికీ ప్రెస్సుకీ కలిపి ఉన్నది ఆ ఒక్క కంప్యూటరే. అందులో మెయిల్ ప్రోగ్రాం తెరిస్తే ఎడమ పక్కన అందరి పేర్లూ వరసగా ఉండేవి. ఎవరి పేరు మీద నొక్కితే వాళ్ల ఉత్తరాలు. పెద్దబ్బాయి అన్ని పేర్ల మీదా నొక్కేవాడు. సిగ్గన్నది ఏ కోశానా లేని మనిషి.

అయితే, చదివిన ఉత్తరం అతని కడుపులో ఆగేది కాదు. రాసినవాళ్ల గొంతుతోనే అతని నోట్లోంచి బయటికొచ్చేది. ఉప్పు అడుగుదామని నోరు తెరిస్తే కాగితాల షాపువాడి గొంతు "సరుకు రేపు పంపుతున్నాం" అనేది. తండ్రి కళ్లజోడు తయారైందన్న కబురు కళ్లజోళ్ల షాపు అమ్మాయి సన్నగొంతుతో చెప్పేవాడు. ఇంట్లోవాళ్లకి ఇదేమీ వింత కాదు. పైగా సుఖం మరిగారు. తమ ఉత్తరం తమ కళ్లతో చదువుకోవడానికి బద్ధకించి, భోజనాల వేళ "మాకేమైనా వచ్చాయా?" అంటూ అతని నోటివైపు చూసేవాళ్లు. ఇంటివాళ్ల ఉత్తరాలు తినే ఆ మనిషికి అలా ఇంట్లో ఒక హోదా కూడా వచ్చింది.

చిన్నకోడలికి మాత్రం ఒళ్లు మండేది. ఆ ప్రెస్సులో అచ్చయ్యే ప్రతి అట్టకీ బొమ్మ వేసేది ఆమె. ఎవరు వేశారని ఎవరైనా అడిగితే "నేనే" అనేది పెద్దబ్బాయి. ఆమె మొగుడు వెనకగదిలో మిషను మోతలో ఉండేవాడు. అతనికేమీ వినబడేది కాదు, వినాలన్న కోరికా లేదు. విసిగిపోయి ఆమె తన బొమ్మలు కొన్ని పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థకి పంపింది. ఉద్యోగమిస్తే తన బొమ్మ కింద తన పేరుంటుంది. ఆ జవాబు అన్నం కంచాల మధ్య ఇతని నోట్లోంచి ఊడిపడటం ఆమెకి బొత్తిగా ఇష్టం లేదు.

అందుకని మెయిల్ ప్రోగ్రాంకి పాస్‌వర్డ్ పెట్టింది.

"ఇంట్లో దొంగలున్నారా అమ్మా?" అన్నాడు మావగారు.

"ఉన్నారు మావయ్యా."

పెద్దబ్బాయి కిసుక్కున నవ్వాడు. ఆ ప్రోగ్రాం పాస్‌వర్డ్ అడిగేది తెరిచేటప్పుడు మాత్రమే. ఆ ఇంట్లో దాన్ని మూసినవాళ్లే లేరు. మూస్తే ఉత్తరాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతాయని మావగారి గట్టి నమ్మకం. పడుకునే ముందు కంప్యూటరు ఆపకుండా తెర మీద గుడ్డ కప్పేవాళ్లు. కాపురానికొచ్చిన కొత్తలో చిన్నకోడలు ఒకసారి మూయబోతే ఆయన అన్నం మానేస్తానన్నాడు. అప్పటినుంచి ఆమె కూడా మూయడం మర్చిపోయింది. ఇప్పుడూ పాస్‌వర్డ్ ఒకసారి కొట్టి అలాగే వదిలేసింది. బార్లా తెరిచిన తలుపుకి తాళం వేలాడదీసినట్టయింది. తెలివైన పిల్లే, కానీ ఆ ఇంటి గాలి ఆమెకీ సోకింది.

జవాబు వచ్చింది. ముందు చదివింది ఎవరో చెప్పక్కర్లేదు. చదివి, చెరిపేసి, చెరిపినవి చేరే బుట్ట కూడా ఖాళీ చేశాడు. ఆమె వెళ్లిపోతే ఇక "నేనే" అనడానికి బొమ్మలెక్కడివి? ఆ సాయంత్రంలోగా ఒప్పుకుంటూ జవాబు రాయాలని ఉంది ఉత్తరంలో. అందాకా నోరు మూసుకుంటే చాలు. గొంతు నొప్పని సైగచేసి మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు. మధ్యాహ్నం కూర మాడినా నోరు విప్పలేదు. అందరూ పాపం అనుకున్నారు. జాలిపడటానికి ఆ ఇంట్లో వాళ్లకి ఇంతకంటే తగిన మనిషి దొరకలేదు.

పొద్దు వాలుతుండగా సబ్బుల షాపతను తన డబ్బాల అట్టల కోసం వచ్చాడు. ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"అబ్బ! ఏం వేశారండీ! పిట్ట ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరేలా ఉంది. ఎవరి చెయ్యండీ ఇది?"

పెద్దబ్బాయి పళ్లు బిగబట్టాడు. పక్కనే చిన్నకోడలు మిగతా అట్టలు కట్ట కడుతోంది. అయినా పొగడ్త ఊరికే పోతుంటే చూస్తూ ఊరుకోవడం అతని వంశంలో లేదు. ఒక్క మాటేగా అనుకుని నోరు తెరిచాడు.

"మీ బొమ్మలు చూశాం," అంది అతని నోట్లోంచి ఒక పెద్దావిడ గొంతు, తాపీగా. "మా పిల్లల పుస్తకాలకి ఇకమీదట మీరే వేయాలి. ప్రతి బొమ్మ కిందా మీ పేరుంటుంది. సోమవారం నుంచి రండి. ఈ సాయంత్రంలోగా ఒప్పుకుంటూ రాయకపోతే ఇంకొకరిని తీసుకోవాల్సి వస్తుంది."

రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. ఉత్తరం వేళ్ల సందుల్లోంచి కూడా వచ్చి, సంస్థ చిరునామాతో సహా పూర్తయ్యాకే ఆగింది.

"మీరేనా అమ్మా వేసింది? శుభం," అని సబ్బుల షాపతను అట్టల కట్ట తీసుకుని వెళ్లాడు.

చిన్నకోడలి చేతిలో దారం అలాగే ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా సంతోషమొచ్చింది.

"లేవండి బావగారూ," అంది.

ఆ కుర్చీలోంచి లెమ్మని అతన్ని అన్నవాళ్లు అంతకుముందు లేరు. లేచాడు. ఆమె కూర్చుని రెండు వాక్యాలు రాసి పంపింది. తర్వాత ప్రోగ్రాం మూసేసింది.

"అయ్యో, మూసేసిందిరా! వెళ్లిపోతాయే అమ్మా!" అని మూల కూర్చున్న మావగారు లేచి నిలబడ్డాడు.

"వెళ్లేది నేను మావయ్యా. ఉత్తరాలు ఎక్కడికీ పోవు."

సోమవారం పొద్దున ఆమె చెప్పులు తొడుక్కుంటుంటే పెద్దబ్బాయి కుర్చీ తుడుచుకుని కూర్చుని ప్రోగ్రాం తెరిచాడు. పాస్‌వర్డ్ మళ్లీ అడిగింది. అటూ ఇటూ చూసి చిన్నకోడలి వైపు తిరిగాడు.

"అడగండి బావగారూ, చెప్తాను," అంది ఆమె గుమ్మంలో నిలబడి. "కానీ మీ గొంతుతో అడగాలి."

అతను నోరు తెరిచాడు. ఆ సాయంత్రం నుంచీ అతను ఎవరి ఉత్తరమూ చదవలేదు. లోపల ఏమీ లేదు, బయటికి ఏ గొంతూ రాలేదు. ఆమె కాసేపు మర్యాదగానే నిలబడి చూసి, బస్సు వేళైందని వెళ్లిపోయింది.