ఎదురు మర

బావగారు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. అద్దం వెనక పనిగదిలో ఆమె చేతిలోని పట్టకారు ఆగిపోయింది.

అద్దానికి అటువైపు వాచీల షోరూము. అటు నుంచి చూస్తే అది గోడకి బిగించిన నిలువుటద్దం. కస్టమర్లు కొత్త వాచీ పెట్టుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పి మురిసిపోతారు. ఇటు నుంచి చూస్తే కిటికీ. దాని వెనక ఒక మనిషి కూర్చుని ఆ వాచీల లోపలి మెషిన్లు చేస్తోందని ఇంటివాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

గదికి ఒకటే తలుపు. ఆమె పనిలో ఉన్నంతసేపూ బయట గడియ పెట్టి ఉంటుంది. "దుమ్ము రాకుండా" అంటాడు మావయ్య. దుమ్ముకి తలుపు తీసుకుని రావడం వచ్చని ఆమెకి ఈ ఇంటి కోడలయ్యాకే తెలిసింది.

మావయ్య వాళ్ళ నాన్న కాలంలో డయలూ, పైడబ్బా, పేరూ మాత్రమే వీళ్ళవి. మెషిన్ ఏటి అవతల ఓ చిన్న కార్ఖానా నుంచి కొనేవాళ్ళు. అప్పట్లో అందరూ అంతే, ఎవరూ దాచేవాళ్ళు కాదు. ఇప్పుడు కాలం మారింది. లోపలున్నది ఎవరి మెషిన్ అని అడక్కుండా ఎవరూ వాచీ ముట్టుకోవడం లేదు. సొంతం అంటే కూర్చోబెట్టి మాట్లాడతారు, బయటిది అంటే పెదవి విరుస్తారు. మావయ్య "ప్రతి చక్రం మా ఇంట్లోనే" అని బోర్డు రాయించాడు. బోర్డు ఎక్కించాక ఏటి అవతలి కార్ఖానాకి పెళ్ళిచూపులకి వెళ్ళాడు.

"మెషిన్లు మోసుకురావడం దేనికి, చేసే పిల్లనే తెచ్చుకుంటే పోలా" అని పెళ్ళిలో ఎవరో హాస్యమాడారు. ఆమె కూడా నవ్వింది.

ఆ కార్ఖానా పిల్ల అని తెలిస్తే మళ్ళీ బయటి మెషినే అంటారని, ప్రకటనల్లో బావగారి ఫొటో వేశారు. భూతద్దం, తెల్ల కోటు, ఆలోచన నిండిన మొహం. కోటు మాత్రం బాగా నప్పింది.

ఆమె నాన్న పోయాక అన్నయ్య ఒక్కడే ఆ కార్ఖానా లాక్కొస్తున్నాడు. ఆమె పనిచేసిన లేత్ మిషను మీద గుడ్డ కప్పి ఉంచాడు. అక్కడికి వెళ్ళి పని చేసుకుంటానని అడిగినప్పుడల్లా మావయ్య "ఈ ఆర్డరు అవనీ" అంటాడు. భర్త "నాన్నని అడుగుదాం" అంటాడు.

ఇవాళ వాచీ సేకర్తల సంఘం నుంచి ఒకాయన వచ్చాడు. కంటి నుంచి భూతద్దం తీయడు కాబట్టి ఇంట్లో ఆయన పేరే భూతద్దం. మెషిన్ చేసినవాడు తన ఎదురుగా విప్పి చూపిస్తే సొంత మెషిన్ అని సంఘం ముద్ర వేస్తాడు.

"ఆ ముద్ర పడిందంటే పదేళ్ళదాకా నీకు తల ఎత్తే తీరిక ఉండదమ్మాయీ" అన్నాడు పొద్దున మావయ్య, దీవించినట్టు.

గాలి కోసం పెట్టిన జాలీలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఇది మీ నాన్నగారి కాలంది" అని భూతద్దం జేబులోంచి పాత వాచీ తీశాడు. "ఇందులో బయటి మెషిన్. ముందు ఇది, తర్వాత మీది. రెండూ పక్కపక్కన విప్పండి."

"అలాగే. మా పెద్దాడికి అదెంత పని" అన్నాడు మావయ్య.

కీ ఇచ్చేటప్పుడు తిరిగే చక్రం మీద ఒక స్క్రూ ఉంటుంది. మామూలు స్క్రూ అయితే ఆ చక్రం తిరుగుడికి ఊడిపోతుంది. అందుకని అక్కడ ఎదురు మర వేస్తారు. అది కుడివైపు తిప్పితేనే ఊడుతుంది. ఎవరూ పొరబడకుండా ఆమె నాన్న దాని తల మీద మూడు గీతలు కోసేవాడు. ఆమె బావగారికి నేర్పింది కూడా అంతే: మూడు గీతలుంటే కుడివైపు, ఒక్క గీతైతే ఎడమవైపు.

పాత వాచీలో మూడు గీతలు. బావగారు కుడివైపు తిప్పాడు. స్క్రూ వచ్చేసింది. ఆయన కోటు సర్దుకున్నాడు.

కొత్త వాచీలో ఒక్కటే గీత. అది మర సంగతి తెలిసి చేయించిన పని కాదు. ముద్ర కబురు రాగానే మావయ్య పనిగదికి వచ్చాడు. "ఈ మూడు గీతలు మీ నాన్న చేతి గుర్తు. చూడగానే పట్టేస్తారు. ఒక్కటే ఉంచు."

"ఊరికే పెట్టినవి కావు మావయ్యా, అక్కడ మర..."

"చెప్పింది చెయ్యమ్మా."

చేసింది.

బల్ల మీద ఫోన్ ఉంది. ఎత్తితే షోరూములో భర్త దగ్గర మోగుతుంది. 'కుడివైపు' అని ఒక్క మాట చాలు. ముద్ర పడుతుంది. గడియ మళ్ళీ పడుతుంది.

ఆమె ఎత్తింది.

"చెప్పు" అన్నాడు భర్త గుసగుసగా. కౌంటర్ వెనక ఆయన వీపు కనిపిస్తోంది. మెడ మీద చెమట.

"ఏం లేదు" అంది. పెట్టేసింది.

బావగారు ఎడమవైపు తిప్పాడు. కదల్లేదు. "కొత్తది కదండీ, బిగుసుకుని ఉంటుంది" అని భుజం వేసి తిప్పాడు. టిక్కుమంది. స్క్రూ తల తెగి పళ్ళెంలో పడింది.

భూతద్దం మొదటిసారి కంటి నుంచి భూతద్దం తీశాడు.

"స్టీలు నాసిరకంది" అన్నాడు బావగారు.

"అది కూడా మీ ఇంట్లోదే అని బోర్డు మీద ఉంది" అన్నాడు భూతద్దం. "చేసినవాడికి ఎటు తిప్పాలో తెలియకుండా ఉంటుందా? ఇది ఎవరు చేశారు?"

మావయ్య మొహం నల్లబడింది. అంతలోనే వెలిగింది. గబగబా వచ్చి గడియ తీశాడు.

"మా కోడలండీ. ఇంటి మనిషే. మొహమాటస్తురాలు, నలుగురిలోకి రాదు."

భూతద్దం లేచి ఆమెకి కుర్చీ ఇచ్చాడు. తల తెగాక స్క్రూకి బిగువుండదు. ఆమె సూది మొనతో కుడివైపు మెల్లగా తోసింది. తెగిన ముక్క తిరుగుతూ పైకి వచ్చింది. భూతద్దం చిన్నపిల్లాడిలా చూశాడు.

"నా నియమం ఒకటే" అన్నాడు. "చేసిన చెయ్యి ఈ ఇంటిదై ఉండాలి. ఇంటి మనిషినేనని మీ నోటితో చెప్పండి, ఇప్పుడే ముద్ర వేస్తాను. ఒక్కటి గుర్తుంచుకోండి, అది మీ చేతికి వేసిన ముద్ర. మీరు ఇల్లు కదిలిన రోజున చెల్లదు."

"ఎక్కడికి కదులుతుందండీ" అని మావయ్య తృప్తిగా నవ్వాడు.

స్క్రూ విరిగితే బయటపడతాననుకుంది ఆమె. ఈ ముద్ర పడితే ఇక తలుపుకి గడియే అక్కర్లేదు.

"కాదండీ" అంది. "నన్ను బయట నుంచి తెప్పించారు. ఇవి ఏటి అవతలి మెషిన్లే. ఇదివరకు డబ్బాల్లో వచ్చేవి, ఇప్పుడు నేనొచ్చాను."

"అమ్మాయీ" అన్నాడు మావయ్య.

ఆమె పనిగదిలోంచి తనతో తెచ్చుకున్న నాన్న స్క్రూడ్రైవర్ల పెట్టె చంకన పెట్టుకుని బయటికి నడిచింది. దొంగల భయానికి షోరూముకి రెండు గాజు తలుపులు. లోపలిది మూసుకున్నాకే బయటిది తీయడానికి వీలు. అది కూడా కౌంటర్ కింద బటన్ నొక్కితేనే. లోపలి తలుపు ఆమె వెనక మూసుకుంది. రెండు గాజుల మధ్య మనిషి పట్టేంత చోటు. వెనక్కి తిరిగి చూసింది.

మావయ్య వేలు చూపించి ఏదో అంటున్నాడు. మాట వినపడలేదు గానీ 'నొక్కకు' అని తెలుస్తోంది. భర్త తండ్రి వైపు తిరిగాడు. అడగబోయేవాడిలా నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. ఆయన కుడిచెయ్యి కౌంటర్ కిందే ఉంది.

బయటి తలుపు కిర్రుమంది.

నెట్టింది. వీధి, ఎండ, హారన్లు. ఏటి అవతలికి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందో ఇన్నేళ్ళయినా ఆమెకి తెలియదు. ఎదురుగా వస్తున్న ఒకావిడని ఆపి అడిగింది.