కరగని రాతిపొడి

చీమకుర్తిలోని ఒక గ్రానైట్ యూనిట్‌లో ఏసోబు చాలా ఏళ్లుగా చేతి గ్రైండర్‌తో పలకల అంచులు నునుపు చేస్తున్నాడు. అతని భార్య ఎలీసమ్మ అదే యూనిట్‌లో షెడ్డు ఊడుస్తుంది. నిరుడు మొదలైన దగ్గు అతన్ని వదల్లేదు. చర్చిలో పాట అందుకుంటే సగంలోనే ఆయాసంతో కూలబడేవాడు. పట్టుబట్టి ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లింది ఎలీసమ్మ.

డాక్టర్ నజ్మీన్ ఎక్స్‌రే చూసి, "రాతిపొడి వల్లమ్మా ఇది" అంది.

"దగ్గితే బయటికి రాదా మేడమ్?" అడిగింది ఎలీసమ్మ.

"మెత్తటి పొడి లోపలే ఉండిపోతుంది. ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. అవి క్రిములనీ దుమ్మునీ మింగుతాయి. ఒక్కో కణంలో లైసోజోములని చిన్న సంచులుంటాయి. వాటిలోని రసం మింగినదాన్ని కరిగిస్తుంది. రాయి కరగదు కదా! సంచి చిరిగి, రసం ఒలికి, కణమే చచ్చిపోతుంది. ఆ పొడిని ఇంకో కణం మింగుతుంది. అదీ చస్తుంది. అలా అలా ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది."

"నయమవుద్దా మరి?"

"గట్టిపడింది మెత్తబడదు. ఇక ఆయన్ని దుమ్ములోకి మాత్రం వెళ్లనివ్వకు."

బస్సులో ఏసోబు ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకున్నాడు. "మీ తమ్ముడు అనిల్‌గాడూ అదే పొడి పీలుస్తున్నాడే" అన్నాడు.

మర్నాడు ఎలీసమ్మ చీపురు పట్టలేదు. టీ దగ్గర కూలీలందరికీ ఆ సంచి సంగతి చెప్పింది. అనిల్ కుమార్ చేతిలో టీ చల్లారిపోయింది. తర్వాత ఆమె మేనేజర్ వీరబాబు దగ్గరికి నడిచింది.

"పెద్ద రంపానికి పొడి లేవకుండా నీళ్లు పెట్టారు కదండీ. చేతి గ్రైండర్లక్కూడా నీళ్లొచ్చేవి తెప్పించండి."

"మాస్కులిచ్చాంగా ఎలీసమ్మా!"

"ఆ గుడ్డముక్కలోంచి పొడి దూరిపోద్దండి. నీళ్లొచ్చేదాకా మావోళ్లు గ్రైండర్ ముట్టుకోరు."

"నిన్ను పనిలోంచి తీసేస్తే?"

"తీసేయండి. గేటు బయట కూర్చుని ఇదే చెప్తా."

అనిల్ కుమార్ తన గ్రైండర్ కింద పెట్టాడు. మిగతావాళ్లూ పెట్టారు. వారం తిరక్కుండా నీటి గొట్టాలున్న గ్రైండర్లు వచ్చాయి.

ఏసోబు ఆయాసం మాత్రం తగ్గలేదు. పక్క యూనిట్‌లో ఇంకా పొడి లేస్తూనే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఎలీసమ్మ అక్కడి కూలీల ఇళ్లకు బయలుదేరింది. ఏసోబు చెప్పులు వేసుకోబోయాడు.

"ఎండలో నువ్వెందుకయ్యా?"

"నన్ను చూస్తే నమ్ముతారే" అన్నాడు, ఊపిరి కూడదీసుకుంటూ.

ఎలీసమ్మ గొడుగు విప్పి, అతని నడకకు తగ్గట్టే నడిచింది.